పడవ అడుగున చెవి

ఐలుక్ దీవి నుంచి వోత్జెకు బయల్దేరినప్పుడు
మోటారు నాది, దారి చూపే పెట్టె నాది,
ఒళ్లు కాలిపోతున్న కూతురూ నాదే.
తర్మిలె పిన్నిని తోడు రమ్మన్నది
పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుందని, అంతే.

చీకటి పడ్డాక మోటారు రెండుసార్లు దగ్గింది.
మూడోసారి దగ్గలేదు.
ముప్పై ఏళ్లుగా మోటార్ల గుండెలు విప్పి కడిగినవాణ్ణి,
టార్చి పళ్ల మధ్య బిగించి
ప్లగ్గులు ఊడదీశాను, తుడిచాను, తిట్టాను.
పెట్టెలోకి ఉప్పునీళ్లు దిగాయి.
దాని పచ్చటి కన్ను కాసేపు రెపరెపలాడి మూతపడింది.

"తెరచాప ఎత్తు" అంది పిన్ని.
"ఎటు?"
"ముందు ఎత్తు."

తర్వాత ఆమె చేసిన పని
ఆ రాత్రి నాకు పిచ్చిలా కనిపించింది.
గుడికి కట్టుకునే పూల గౌను మోకాళ్లకు చుట్టుకుని
ఎండుకొబ్బరి బస్తాల పక్కన ఒత్తిగిలి పడుకుంది,
పాపను కడుపులోకి పొదువుకుని,
చెవి పడవ చెక్కకు ఆనించి.

గాలి గోల పెడుతోంది. నేనూ పెడుతున్నాను.
పడమట దీపం! అదిగో, అటు తిప్పుదాం!
ఆమె కళ్లు తెరవలేదు.
"అది నిన్ను పిలవడం లేదు,
నీ భయం నిన్ను అటు తరుముతోంది" అంది.

తూర్పు నుంచి పెద్ద అల వస్తుందట.
దీవిని కొట్టుకుని చిన్న అల వెనక్కి తిరుగుతుందట.
రెండూ ఎదురుపడిన చోట
నిద్రలో పసిబిడ్డలా పడవ ఉలిక్కిపడుతుందట.
ఆ ఉలికిపాట్లను వరసగా గుచ్చుకుంటూ పోతే
అదే సముద్రానికి వెన్నెముక.
"నువ్వు వణుకుతుంటే మాత్రం
నీ గుండె అల ఒక్కటే వినబడుతుంది, కొడుకా."

ఆమె ప్రార్థన విన్నాను.
గాలిని ఆపమని అడగలేదు.
దారి చూపమని కూడా అడగలేదు.
వంట చేసుకుంటూ పక్కగదిలోని మనిషిని పలకరించినట్టు
"ప్రభువా, ఇక్కడే ఉన్నాను. నువ్వూ ఉన్నావుగా" అంది.
అంతే. ఆ తర్వాత చాలాసేపు మౌనం.
"కొంచెం ఎడమకి."
మళ్లీ మౌనం.

నాకు కోపమొచ్చింది.
చెప్తున్నది దేవుడా, మీ నాన్న నేర్పిన విద్యా అన్నాను.
"కాయలోకి నీళ్లు ఎవరు పోశారో తేల్చుకున్నాకే తాగుతావా?"
కాసేపాగి, గొంతు మారి,
"ఒక్కసారి వినలేదు నేను.
బిలిమోన్ ఒంటరిగా వేటకెళ్లిన రోజు.
లోపల వద్దు వద్దంటూనే ఉంది.
తల్లి పిరికితనంలే అనుకుని
ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాను."
కొడుకు పేరు ఆమె నోట ఎత్తగా
అదే మొదటిసారి వినడం.
ఇక నేను మాట్లాడలేదు.
చుక్కాని పట్టుకున్న నా చెయ్యి
ఎప్పుడు బిగువు సడలిందో తెలియదు.

తెల్లవారుజామున తెల్లటి పిట్టలు మా మీదుగా
వేటకు ఎదురొచ్చాయి.
వాటి వెనక, నీళ్ల మీద గీసి చెరిపినంత పల్చగా, కొబ్బరితోపు.
పడమటి దీపం పరాయిదేశపు చేపల ఓడదని
దవాఖానా మెట్ల మీద ఎవరో చెప్పారు.
అది రాత్రికి రాత్రే ఎటో వెళ్లిపోయింది.
పాపకు సూది వేస్తుంటే
పిన్ని బల్లమీద నోరు తెరిచి గురకపెడుతోంది.

నేను మారిపోయానని చెప్పను.
ఇప్పుడు రెండు పెట్టెలు, విడి బ్యాటరీలు లేకుండా కదలను.
కొనమని పోరింది పిన్నే.
కానీ దుకాణంలో ఏ మోటారైనా మొండికేస్తే
స్పానరు పక్కన పెట్టి
నూనె మరకల నేల మీద చెవి ఆనిస్తాను.
పదేళ్ల నా కూతురు వంగి అడుగుతుంది,
"ఏం వినబడుతోంది?"
"ఇంకా నా గుండే."
"అయితే కాస్త ఆగు" అంటుంది,
వచ్చి పక్కన పడుకుని.